వాకింగ్ చేయమనే మున్సిపాలిటీ, నడవనివ్వని వీధి

యోగా దినోత్సవానికి మైదానం నిండా చాపలు, జాతీయ క్రీడా దినోత్సవానికి 2కే రన్, మధుమేహ దినానికి ప్లకార్డుల ర్యాలీ. వ్యాయామం మంచిదని జనానికి చెప్పని మున్సిపాలిటీ మన దగ్గర లేదు. ఫ్లెక్సీలు కడతారు, టీషర్టులు పంచుతారు, ఎమ్మెల్యే గారు జెండా ఊపుతారు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. 2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు తీరం పొడవునా దాదాపు 3 లక్షల మందిని కూర్చోబెట్టి యోగా చేయించారు. బస్సులు, చాపలు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, కంపార్ట్‌మెంట్లు అన్నీ లెక్క ప్రకారం సమకూరాయి. అంతటి ఏర్పాటు చేయగల యంత్రాంగం మనకు ఉందని తేలిపోయింది. అదే యంత్రాంగం జూన్ 22 ఉదయం నుంచి ఏం చేస్తుందన్నదే అసలు ప్రశ్న. ఒకరోజు కార్యక్రమాలు పెళ్లికి వేసిన పందిరి లాంటివి. వాటి పని ఆ పూటకే.

ముందు లెక్క చూద్దాం. 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని పెద్దలు 2000లో సుమారు 22 శాతం. 2022 నాటికి 49 శాతం దాటారు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. తగినంత శ్రమ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త చురుగ్గా నడిచినంత. జిమ్ముకు వెళ్లడం, ఆటలాడటం మాత్రమే ఈ లెక్కలోకి వస్తాయనుకోకూడదు. ఇంటి చాకిరీ, ఉద్యోగంలో ఒళ్లు వంచి చేసే పని, కాలినడకన బజారుకు వెళ్లి రావడం, సైకిలు తొక్కడం అన్నీ కలుస్తాయి.

కాబట్టి ఈ 20 ఏళ్లలో జనం ఎక్సర్‌సైజు మానేశారనుకుంటే పొరపాటు. అంతకుముందు తరం ఎక్సర్‌సైజు అంటూ ప్రత్యేకంగా చేసిందెప్పుడు గనక? తగ్గిపోయింది రోజువారీ కదలిక. ఇంటికో బండి వచ్చింది, తర్వాత మనిషికో బండి వచ్చింది. వీధి చివర పాల ప్యాకెట్‌కు కూడా స్కూటీ తీస్తున్నారు. పిల్లలు గుమ్మం ముందు స్కూల్ బస్సెక్కి గుమ్మం ముందే దిగుతున్నారు. కూరగాయలు ఫోన్లో నొక్కితే వస్తున్నాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఒళ్లు అలవకుండా బతకాలనుకోవడం సహజం. కానీ పోయిన ఆ కదలికను వారానికి మూడు రోజుల జిమ్ముతో పూడ్చుకోగలిగేది డబ్బూ తీరికా రెండూ ఉన్న కొద్దిమందే. మిగతావాళ్లకు అది మళ్లీ దొరకాలంటే వీధిలో దొరకాలి, ఇంటి దగ్గరి పార్కులో దొరకాలి, బడి మైదానంలో దొరకాలి. ఈ మూడూ చాలావరకు స్థానిక సంస్థల చేతిలో ఉన్నవే.

రాజ్యాంగం కూడా ఆ మాటే చెబుతుంది. 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన అంశాలు 18 ఉన్నాయి. పట్టణ ప్రణాళిక, రోడ్లు, ప్రజారోగ్యం, వీధి దీపాలు, పార్కులు, ఆటస్థలాలు అందులోనే ఉన్నాయి. 'మాది క్రీడల శాఖ కాదు' అని ఏ కమిషనరూ తప్పించుకోవడానికి లేదు. జనాన్ని కదిలించడానికి క్రీడల శాఖకన్నా ఇంజనీరింగ్ విభాగం, టౌన్ ప్లానింగ్ విభాగమే ఎక్కువ చేయగలవు.

ఓపెన్ జిమ్ కథ

గత పదేళ్లలో మన పట్టణాల్లో ఆరోగ్యం పేరుతో ఎక్కువగా కనిపించిన వస్తువు ఓపెన్ జిమ్. పసుపు, నీలం రంగులు వేసిన ఇనుప గొట్టాలు. కాళ్లు ఊపేది ఒకటి, చేతులు తిప్పేది ఒకటి, నడుం తిప్పేది ఒకటి. ఎందుకింత ఇష్టమో ఊహించడం కష్టం కాదు. ఎస్టిమేట్ వేయడం సులువు, టెండర్ పిలవడం సులువు, నాలుగు వారాల్లో బిగించేయొచ్చు, ప్రారంభోత్సవానికి ఫొటో బాగుంటుంది. భూసేకరణ లేదు, కోర్టు కేసులు లేవు, ఎవరి అరుగూ కొట్టక్కర్లేదు.

రెండేళ్ల తర్వాత అదే పార్కుకు వెళ్లి చూస్తే సంగతి తెలుస్తుంది. బేరింగులు పట్టేసి కొన్ని కదలవు. కాలు పెట్టే పలక ఊడి, మిగిలిన బోల్టు పదునుగా పైకి లేచి ఉంటుంది. చెట్టు నీడ ఉన్నచోట బెంచీలు, ఎండ ఉన్నచోట పరికరాలు బిగించి ఉంటాయి. మార్చి నెల దాటితే ఉదయం ఎనిమిదింటికే ఆ ఇనుము ముట్టుకోలేం. చీర కట్టుకున్న మనిషి కాలు చాపి ఎక్కడానికి వీలుగా ఉండే పరికరం ఒకటో రెండో. పిల్లలకు అవి ఉయ్యాలలు. విరిగినదాన్ని ఎవరు బాగుచేయాలో బోర్డు మీద ఉండదు. ఎవరి హయాంలో పెట్టారో మాత్రం శిలాఫలకం మీద చక్కగా ఉంటుంది.

ఓపెన్ జిమ్‌లన్నీ దండగ అనడం కూడా సరికాదు. వాడేవాళ్లు వాడుతున్నారు. అయితే వాళ్లలో చాలామంది అంతకుముందు నుంచీ ఆ పార్కులో నడుస్తున్నవాళ్లే. పొద్దున ఐదున్నరకు షూ వేసుకుని వచ్చే రిటైర్డ్ ఉద్యోగికి మున్సిపాలిటీ కొత్తగా ఇచ్చిన ప్రోత్సాహం ఏమీ లేదు, ఆయన ఎలాగూ వస్తాడు. రానివాళ్లు ఎవరు, ఎందుకు రావట్లేదు అన్నది ఎవరూ అడగని ప్రశ్న.

పల్లెల్లోనూ ఇదే వరస. తెలంగాణలో 2022 జూన్ 2న మొదలైన గ్రామీణ క్రీడా ప్రాంగణాల ఆలోచన మంచిది. ఊరూరా వాలీబాల్, ఖోఖో కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, వ్యాయామానికి కడ్డీలు. కానీ స్థలం ఎక్కడ దొరికితే అక్కడే బోర్డు పాతిన ఊళ్లు తక్కువేం కాదు. ఊరి చివర, గుట్ట పక్కన, ఒక్క దీపం లేనిచోట ఉన్న కోర్టుకు సాయంత్రం ఆడపిల్లలు వెళ్లరు. మగపిల్లలు కూడా రెండు నెలలు పోయాక మళ్లీ రోడ్డు మీదే క్రికెట్ ఆడుకుంటారు.

200 మీటర్ల ఫుట్‌పాత్

ఏ జిల్లా కేంద్రంలోనైనా బస్టాండ్ ముందు రోడ్డు తీసుకుని 200 మీటర్లు ఫుట్‌పాత్ మీదే నడుద్దామని ప్రయత్నిస్తే చాలు, మిగతా విశ్లేషణ అక్కర్లేదు. మొదట మురుగు కాలువ మీద పరిచిన పలకలు. వాటిలో ఒకటి పగిలి ఉంటుంది, ఇంకోటి లేనే లేదు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ ఇనుప కంచె. అది దాటడానికి రోడ్డు మీదికి దిగాలి. మళ్లీ ఎక్కాలంటే గట్టు మోకాలి ఎత్తు. సెల్‌ఫోన్ల షాపు వాళ్లు బండ్లు ఎక్కడానికి సిమెంటు ర్యాంపు పోసుకున్నారు, పక్కన టిఫిన్ సెంటర్ వాళ్ల గ్యాస్ పొయ్యి, ఆ పక్కన బైకుల వరస. 50 మీటర్లు కూడా కాకముందే మనిషి విసిగి రోడ్డు మీద నడుస్తాడు. లేదా రేపటి నుంచి బండి తీస్తాడు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఏ అడ్డూ లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి, వ్యాపార ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వస్తే ఒకరు దిగిపోనక్కర్లేకుండా, ఒక వీల్‌చెయిర్ పట్టేలా వేసిన లెక్క ఇది. మన దగ్గర రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు మింగేది ఈ 1.8 మీటర్లనే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. మొత్తం మృతుల్లో దాదాపు ఐదో వంతు. నడక ఆరోగ్యానికి మంచిదని చెప్పే పోస్టరుకూ ఈ అంకెకూ పొసగదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని, దివ్యాంగులకు కూడా అనువైన ఫుట్‌పాత్ పౌరుడి హక్కని, అది జీవించే హక్కును చెప్పే 21వ అధికరణ కిందికే వస్తుందని తేల్చి చెప్పింది. ఇక ఇది అందచందాల పని అనో, నిధులు మిగిలితే చూద్దామనో అనడానికి లేదు.

పొరుగున చెన్నై కార్పొరేషన్ 2014లో చేసిన పని ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. నడక, సైకిళ్ల కోసం ఒక విధానం ఆమోదించి, రవాణా బడ్జెట్లో కనీసం 60 శాతం వాటికే పెట్టాలని రాసుకుంది. పాండీ బజార్‌లో 2019లో తెరిచిన విశాలమైన నడకదారి అందరికీ ఫొటోల్లో కనిపించే ఫలితం. అంతకన్నా ముఖ్యం, దానికన్నా ముందే పదుల కొద్దీ మామూలు వీధుల్లో ఫుట్‌పాత్‌లు మళ్లీ వేయడం. అనుకున్నదంతా అమలైందని కాదు, చెన్నైలోనూ అడ్డంగా బైకులు పెట్టే ఫుట్‌పాత్‌లు బోలెడు. కానీ డబ్బు ఎటు పోవాలో కాగితం మీద ముందే రాసి ఉండటం వల్ల, ప్రతి రోడ్డు పనికీ నడిచేవాడి వాటా అడగడానికి ఒక ఆధారం దొరికింది. మన రెండు రాష్ట్రాల్లో ఏ కార్పొరేషన్ అయినా తన రోడ్ల బడ్జెట్లో ఇంత శాతం నడకదారులకని ఒక్క తీర్మానం చేస్తే, దాని విలువ వంద ఓపెన్ జిమ్‌లకు ఎక్కువే.

ఆక్రమణల మాట ఎత్తగానే ముందుగా తోపుడు బండ్ల మీద పడటం మన టౌన్ ప్లానింగ్ సిబ్బందికి అలవాటు. జేసీబీ వచ్చేది పానీపూరీ బండి కోసం, షాపింగ్ కాంప్లెక్స్ ర్యాంపు కోసం కాదు. నిజానికి రాత్రి ఎనిమిది తర్వాత వీధిలో ఒంటరిగా నడిచే మనిషికి ధైర్యం ఇచ్చేది ఆ బండి దగ్గరి లైటూ అక్కడి నలుగురు మనుషులూ. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకు గీత గీసి చోటు చూపించాలి. గీత గీస్తే నడిచేవాళ్లకూ చోటు మిగులుతుంది.

ఇంకో చిన్న సంగతి. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంటోంది. ఆ డబ్బులో పెద్ద వాటా డివైడర్ల మధ్య పూల మొక్కలకు పోతోంది. చూడ్డానికి బాగుంటాయి, కార్లలో వెళ్లేవాళ్లకు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి నడిచి బస్టాపుకు వెళ్లే మనిషికి కావాల్సింది రోడ్డు అంచున వేప, కానుగ, రావి లాంటి నీడనిచ్చే చెట్టు. మన ఎండలకు నీడ లేని నడకదారి ఏడాదిలో నాలుగు నెలలు ఉన్నా లేనట్టే.

గేటు ఎప్పుడు తెరుస్తారు?

చాలా మున్సిపల్ పార్కులు తెల్లవారుజామున తెరిచి తొమ్మిదింటికో పదింటికో మూస్తారు. మళ్లీ సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. ఈ వేళలు ఎవరికి పనికొస్తాయో చూడండి. ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకు ఇంట్లో టిఫిన్లు, లంచ్ బాక్సులు, కుళాయి నీళ్లు, పిల్లల బడి హడావిడి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకు వెళ్లాక పదకొండింటికి ఆమెకు ఓ గంట దొరికితే, అప్పుడు పార్కు గేటుకు తాళం.

ఆడవాళ్లలో 57 శాతం అన్న అంకె వెనుక ఇలాంటి తాళాలు చాలా ఉన్నాయి. తెల్లవారుజామున చీకట్లో మెడలో గొలుసుతో ఒంటరిగా నడవాలంటే చైన్ స్నాచర్ల భయం. వీధి కుక్కల భయం అందరిదీ, చేతికర్ర లేకుండా వాకింగ్‌కు వెళ్లని పెద్దవాళ్లు ప్రతి కాలనీలో ఉన్నారు. పార్కులో టాయిలెట్ ఉన్నా దానికి తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఎక్కడో. మోకాళ్ల నొప్పులు, షుగర్ ఉన్న 50 ఏళ్ల మనిషి టాయిలెట్ లేనిచోట గంటసేపు ఉండదు, అరగంటకే ఇంటిదారి పడుతుంది. ట్రాక్ చుట్టూ ఆరడుగుల క్రోటన్ పొదలు పెంచితే లోపల ఎవరున్నారో బయటికి కనిపించదు, అందం కోసం వేసిన పొదే భయమవుతుంది. వీటిలో ఏదీ కోట్ల పని కాదు. దీపాలు, కత్తిరింపు, ఒక కాపలా మనిషి, నీళ్లు వచ్చే టాయిలెట్, మధ్యాహ్నం కూడా తెరిచి ఉండే గేటు. అన్నీ మెయింటెనెన్స్ పద్దు కిందివి. శిలాఫలకం వేయడానికి వీలుపడని పద్దు కాబట్టి దానికి నిధులు రావు.

ఇక పరికరాలకన్నా మనుషుల మీద పెట్టిన డబ్బు ఎక్కువ ఫలితమిస్తుందని చెప్పడానికి బ్రెజిల్‌లోని రెసిఫే నగరం మంచి ఉదాహరణ. అక్కడి నగరపాలక సంస్థ 2002లో పార్కుల్లో, కూడళ్లలో ఉచిత వ్యాయామ తరగతులు మొదలుపెట్టింది. శిక్షణ పొందిన వ్యాయామ ఉపాధ్యాయులు రోజూ నిర్ణీత వేళకు వచ్చి చేయిస్తారు, బీపీ చూస్తారు, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంతో కలిసి పనిచేస్తారు. వచ్చేవాళ్లలో అత్యధికులు మహిళలు, అదీ అంతంతమాత్రం ఆదాయం ఉన్నవాళ్లు. ఆ నమూనానే 2011లో బ్రెజిల్ ప్రభుత్వం దేశమంతటికీ తీసుకుంది. పనిచేసింది ఇనుప గొట్టం కాదు. 'నిన్న రాలేదేం?' అని అడిగే టీచరు, పక్కింటి తోడు.

మన దగ్గర దీనికి కావలసిన సరంజామా సగం సిద్ధంగా ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద మహిళా సంఘాలు వీధివీధికీ ఉన్నాయి. నెలనెలా కలుసుకుంటారు, ఒకరి గడప ఒకరికి తెలుసు. ప్రతి సమాఖ్య నుంచి ఇద్దరికి శిక్షణ ఇచ్చి, గౌరవ వేతనంతో వార్డు కమ్యూనిటీ హాలులో పదకొండు గంటలకు రోజూ గంటసేపు క్లాసు పెట్టిస్తే, అది ఏ పార్కుకూ రాని ఆడవాళ్ల దగ్గరికి వెళ్తుంది. బస్తీ దవాఖానాలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో డాక్టరు షుగర్ పేషెంటుకు 'రోజూ నడవమ్మా' అని చెప్పి పంపుతున్నారు. ఎక్కడ నడవాలో చెప్పట్లేదు. చీటీ మీద మందులతోపాటు క్లాసు జరిగే చోటు, వేళ రాసి ఇవ్వగలిగితే ఆ సలహాకు ఓ అర్థం ఉంటుంది.

బొగొటాలో ఆదివారం, ట్యాంక్‌బండ్ మీద ఆదివారం

వీధులు మూసి జనానికి వదిలేసే ఆలోచన మనకు కొత్తది కాదు. 2013 నవంబరులో గురుగ్రామ్‌లో 'రాహ్‌గిరి' మొదలైంది, ఏడాది తిరగకుండానే హైదరాబాద్ హైటెక్ సిటీ ప్రాంతానికీ వచ్చింది. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం ఐదు నుంచి పది వరకు వాహనాలు ఆపి 'సండే ఫండే' పెట్టారు. జనం విరగబడి వచ్చారు. బ్యాండ్ మేళం, తినుబండారాల స్టాళ్లు, బాణసంచా. సరదాగా గడిచిన సాయంత్రాలే, కాదనలేం. కానీ అక్కడికి రావడానికి చాలామంది కార్లూ బండ్లూ వేసుకుని వచ్చి పార్కింగ్ కోసం తంటాలు పడ్డారు. ఆ తర్వాత అది ప్రతి ఆదివారం జరిగే ఆనవాయితీగా నిలబడనూ లేదు.

కొలంబియా రాజధాని బొగొటాలో ఇదే పని 1974లో మొదలైంది. ఇప్పటికీ ప్రతి ఆదివారం, ప్రతి సెలవు రోజు ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు వరకు 120 కిలోమీటర్లకు పైగా ప్రధాన రహదారుల్లో మోటారు వాహనాలు ఆగిపోతాయి. ఆ ఏడు గంటలూ సైకిళ్లు, స్కేటింగు, నడక, పిల్లల్ని తోపుడు బండిలో వేసుకున్న తల్లులు. నగరపాలక సంస్థ క్రీడా విభాగమే దీన్ని నడుపుతుంది, కూడళ్లలో సిబ్బంది, వలంటీర్లు ఉంటారు. 1995 నుంచి దారి పక్కన పార్కుల్లో ఉచితంగా ఏరోబిక్స్ తరగతులూ ఉన్నాయి. 2012లో వచ్చిన ఒక ఖర్చు-లాభాల అధ్యయనం ప్రకారం, దీనికి ఒక్కో వినియోగదారుపై ఏడాదికయ్యే ఖర్చు సుమారు 6 డాలర్లు. కొత్త రోడ్డు ఒక్కటీ వేయలేదు కదా, ఉన్న రోడ్డునే వాడుకున్నారు.

రెండింటికీ తేడా ఎక్కడుంది? బొగొటా దారి పేదల పేటల నుంచి ధనికుల పేటల దాకా నగరమంతా అల్లుకుని ఉంది, గుమ్మం దిగి నాలుగు వీధులు దాటితే చాలు. ట్యాంక్‌బండ్ ఒకటే చోటు, అదీ పిక్నిక్ చోటు. ఇంకోటి, బొగొటాలో మేయర్లు మారినా ఆదివారం మారలేదు. జనం తమ వారాన్ని దాని చుట్టూ అమర్చుకున్నారు. అలవాటు పడాలంటే ముందు నమ్మకం కుదరాలి. ఈ ఆదివారం ఉంటుందో లేదో ట్విట్టర్‌లో చూసుకోవాల్సిన కార్యక్రమం ఎవరికీ అలవాటు కాదు.

మన దగ్గరే దీనికి చక్కటి ఉదాహరణ విశాఖ బీచ్ రోడ్డు. తెల్లవారుజామున కొన్ని గంటలు అక్కడ వాహనాలు ఆపేస్తారు, రోజూ. ఏ ఈవెంట్ మేనేజరూ లేకుండా, మైకు లేకుండా వేలమంది నడుస్తారు, పరుగెత్తుతారు, స్కేటింగ్ నేర్చుకుంటారు. రోజూ జరుగుతుంది కాబట్టి ఎవరూ దాన్ని పథకం అనుకోరు. ఇలాంటి దారి సముద్రం లేని ఊళ్లోనూ ఉండొచ్చు. చెరువు కట్టో, కాలువ గట్టో, బడులున్న వీధో చాలు. తెలంగాణలో చాలాచోట్ల చెరువు కట్టల్ని మినీ ట్యాంక్‌బండ్‌లు చేశారు, సిద్దిపేట కోమటిచెరువు, వరంగల్ భద్రకాళి బండ్ లాంటివి నిజంగా అందంగా ఉన్నాయి. లోపం కట్ట మీద లేదు, ఇంటి నుంచి కట్ట దాకా వెళ్లే దారిలో ఉంది. నడవడానికి బండి మీద వెళ్లాల్సి వస్తోంది.

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ కథా ఇలాంటిదే. దేశమంతా చెప్పుకున్నారు. సరదా కోసం తొక్కేవాళ్లకు అంత సురక్షితమైన చోటు ఇంకోటి లేదు. అయితే సైకిల్‌ను కారు వెనక కట్టుకుని తెచ్చుకోగలిగినవాళ్లకే అది దగ్గర. పొద్దున్నే సైకిల్ మీద పనికెళ్లే మేస్త్రీకి, బడికెళ్లే ఎనిమిదో తరగతి పిల్లకు కావాల్సిన దారి కాలనీలోంచి మెయిన్ రోడ్డు దాకా ఉండాలి. హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వాలు సైకిళ్లిచ్చిన రోజులున్నాయి. సైకిలిచ్చి దారి ఇవ్వకపోతే, తల్లిదండ్రులు ఆటో మాట్లాడతారు.

తాళాలు, ఖాళీ స్థలాలు, లెక్కలు

ఊరి మధ్యలో ఉన్న అతి పెద్ద మైదానం సాధారణంగా ప్రభుత్వ హైస్కూలుదో జూనియర్ కాలేజీదో అయి ఉంటుంది. సాయంత్రం ఐదు తర్వాత, ఆదివారాలు, రెండు నెలల వేసవి సెలవులు దానికి తాళం. హెడ్‌మాస్టర్లను తప్పుపట్టలేం. ఒకసారి గేటు తెరిచి వదిలేస్తే సోమవారం పొద్దున మందు సీసాల గాజు పెంకులు ఏరాల్సింది వాళ్లే, ఎవరికైనా దెబ్బ తగిలితే సంజాయిషీ ఇవ్వాల్సిందీ వాళ్లే. న్యూయార్క్ నగరం 2007లో ఈ చిక్కును విప్పుకుంది. బడి వేళలు అయ్యాక ఆవరణల్ని పేటవాళ్లకు తెరవడం, నిర్వహణ బాధ్యత నగరం పంచుకోవడం. మన మున్సిపాలిటీ కూడా విద్యాశాఖతో ఒప్పందం రాసుకుని వాచ్‌మన్, లైట్లు, శుభ్రం చేయడం తన మీద వేసుకుంటే, ఒక్క గజం భూమి కొనకుండా ఊరికి కొత్త ఆటస్థలం వచ్చినట్టే. జీహెచ్‌ఎంసీ ఏటా పెట్టే వేసవి శిక్షణ శిబిరాలకు పిల్లలు ఎలా ఎగబడతారో చూసినవాళ్లకు గిరాకీ గురించి అనుమానం ఉండదు.

భూమి లేదన్న మాట కూడా పూర్తి నిజం కాదు. లేఅవుట్ వేస్తే 10 శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. రాసిచ్చిన స్థలాల్లో ఎన్ని గుడులయ్యాయో, ఎన్ని వాటర్ ట్యాంకులయ్యాయో, ఎన్ని ప్లాట్లుగా మారాయో చెప్పుకుంటూ పోతే ఓ గ్రంథం. 2024లో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణల్ని తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక హైదరాబాద్ చుట్టూ కొన్ని పార్కు స్థలాలు తిరిగి బయటపడుతున్నాయి. కంచె వేసి బోర్డు పెట్టడంతో సగం పనే అయినట్టు. రెండో సంగతి ఇంకా ఆసక్తికరం. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్‌లో, ఖాళీ స్థలం వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టమన్నారు. పార్కు లేనందుకు జనం దగ్గర తీసుకున్న డబ్బు అది. ఆ డబ్బుతో అదే పేటలో ఒక చిన్న స్థలమైనా కొనాలని, లేదంటే అక్కడి బడి మైదానానికే ఖర్చు పెట్టాలని వార్డు సభ్యులు గట్టిగా అడగొచ్చు. అడిగిన దాఖలాలు మాత్రం అరుదు.

ప్రచారం అసలు వద్దా అంటే, వద్దని కాదు. అమెరికాలో ఓక్లహోమా సిటీ మేయర్ మిక్ కోర్నెట్ 2007 చివరి రోజున జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి, 'మన ఊరు మొత్తం డైటింగ్ చేయబోతోంది, పది లక్షల పౌండ్లు తగ్గుదాం' అని ప్రకటించాడు. జనం నవ్వుకున్నారు, ఆ తర్వాత పేర్లు నమోదు చేసుకున్నారు. 2012 జనవరికల్లా ఆ లెక్క పూర్తయింది. ఆయన గొప్పతనం అక్కడితో ఆగకపోవడంలో ఉంది. కారు లేనిదే గడప దాటలేని ఊరు కట్టుకున్నామని బహిరంగంగా మాట్లాడి, 2009 డిసెంబరులో ఒక సెంటు అమ్మకం పన్నుకు ఓటింగ్ పెట్టి నెగ్గించుకున్నాడు. దాదాపు 77 కోట్ల 70 లక్షల డాలర్లు వస్తాయని అంచనా వేసిన ఆ పన్నుతో పెద్ద పార్కు, ఫుట్‌పాత్‌లు, నడక దారులు, వృద్ధుల కోసం వ్యాయామ కేంద్రాలు వచ్చాయి. ముందు నినాదం, వెంటనే సిమెంటు. మన ర్యాలీల తర్వాత ఆ రెండోది రాదు.

ఖర్చు లేని ప్రచారమూ ఉంది. స్పెయిన్‌లో పోంతెవెద్రా అనే ఊరు, జనాభా 80 వేల పైచిలుకు, అంటే మన మధ్యతరహా మున్సిపాలిటీ అంత. 1999 నుంచి ఊరి నడిబొడ్డులో కార్లను తగ్గించుకుంటూ వచ్చిన అక్కడి మేయర్, 2011లో మెట్రో మ్యాపులా కనిపించే ఒక పటం వేయించాడు. అందులో రైళ్లు ఉండవు, ఒక కూడలి నుంచి ఇంకో కూడలికి నడిస్తే ఎన్ని నిమిషాలో ఉంటుంది. మన ఊళ్లలో బస్టాండ్ నుంచి రైతు బజారుకు, రైతు బజారు నుంచి ఏరియా ఆస్పత్రికి నడిచి ఎంతసేపో చాలామందికి తెలియదు. పది నిమిషాలే అని తెలిస్తే కొందరైనా ఆటో ఎక్కరు. అయితే ఆ పది నిమిషాల దారీ నడవగలిగేలా ఉన్నాకే ఆ పటం అంటించాలి.

ఇవన్నీ ఎవరు చూస్తారన్నది చివరి చిక్కు. పార్కు ఉద్యాన విభాగానిది, ఫుట్‌పాత్ ఇంజనీరింగ్‌ది, దాని మీద ఆక్రమణ టౌన్ ప్లానింగ్‌ది, దీపం ఎలక్ట్రికల్‌ది, కుక్కలు వెటర్నరీది, రోడ్డు మూసే అధికారం ట్రాఫిక్ పోలీసులది. నడిచే మనిషి ఒక్కడికే ఇవన్నీ ఒకేసారి ఎదురవుతాయి. ఎవరో ఒక అధికారికి ఈ మొత్తం అప్పగించి, ఫలితం లెక్కగట్టమనాలి. ఆ లెక్కకు యాప్ అక్కర్లేదు. వార్డు సిబ్బందిలో ఒకరు నెలకోసారి, మామూలు మంగళవారం నాడు, ఉదయం ఆరింటికి, పదకొండింటికి, సాయంత్రం ఆరింటికి పార్కు గేటు దగ్గరా ఒక ప్రధాన వీధిలోనూ కూర్చుని గంటసేపు కాగితం మీద గీతలు గీస్తే చాలు. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, నడుస్తున్నవాళ్లు, ఊరికే కూర్చున్నవాళ్లు. పార్కుల్లో జనం ఎంత కదులుతున్నారో తెలుసుకోవడానికి పరిశోధకులు వాడే పద్ధతి కూడా దాదాపు ఇదే. కమిషనర్ నెలవారీ సమీక్షలో పన్నుల వసూళ్ల పట్టికకు పక్కనే ఈ కాగితమూ ఉంటే, పదకొండు గంటల గడిలో ఆడవాళ్ల దగ్గర సున్నా ఎందుకుందో పార్కు సూపర్‌వైజర్ సమాధానం చెప్పాల్సి వస్తుంది.